క్రాష్ అయితే తప్పెవరిది? సైకిల్ రేసుల్లో మనం చూడని సగం

ఈ ఎపిసోడ్ ఒక ఒప్పుకోలుతో మొదలుపెడతాను.

2020 ఆగస్టులో మా సైక్లింగ్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక క్లిప్ వచ్చింది. పది సెకన్లు కూడా ఉండదు. ఇద్దరు రైడర్లు పక్కపక్కనే ఫినిష్ లైన్ వైపు దూసుకొస్తున్నారు. ఒకతను రెండోవాడి దారిలోకి జరిగాడు. ఆ రెండోవాడు బారికేడ్లలోకి ఎగిరి పడ్డాడు. అంతే, బారికేడ్లు, సైకిళ్ళు, మనుషులు అన్నీ గాల్లో. నేను ఆ క్లిప్ మూడుసార్లు చూసి, ఒక వీడియో కింద కామెంట్ పెట్టాను: "ఇలాంటివాణ్ణి జీవితాంతం బ్యాన్ చేయాలి, జైల్లో వేయాలి" అని. దానికి వందకు పైగా లైకులు వచ్చాయి. నిజం చెప్పాలంటే సంతోషించాను కూడా.

ఆ తర్వాత ఆ రేసు గురించి చదువుకుంటూ పోతే, నేను రాసింది సగమే నిజమని అర్థమైంది. మిగతా సగం గురించే ఇవాళ్టి ఎపిసోడ్. సైకిల్ రేసుల్లో క్రాష్ అయిన ప్రతిసారీ ఫ్యాన్స్ మధ్య ఒకటే గొడవ: తప్పెవరిది? ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ ఒక్క ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో చూద్దాం.

ముందు కొంచెం బేసిక్స్

రోడ్ సైక్లింగ్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. క్రికెట్‌కి గ్రౌండ్ ఉంటుంది, ఫార్ములా వన్‌కి ట్రాక్ ఉంటుంది. టూర్ డి ఫ్రాన్స్ లాంటి రేసులకి అలాంటిదేమీ లేదు. మామూలు రోడ్డునే ఆ పూటకి ఆపేసి రేసు నడుపుతారు. అంటే స్పీడ్ బ్రేకర్లు, రౌండెబౌట్లు, డివైడర్లు, కొండ మలుపులు అన్నీ ఉంటాయి. ఊళ్ళలోకి వచ్చే బండ్లు మెల్లగా నడవాలని కట్టినవి అవి. ఇక్కడ మాత్రం వాటి మధ్యలోంచి వంద మందికి పైగా ఒకేసారి యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తారు.

ఆ గుంపుని పెలోటాన్ అంటారు. ఎందుకు గుంపుగా వెళ్తారంటే గాలి కోసం. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకున్నవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. ఒక్కడు తడబడితే వెనక ముప్పై మంది పడతారు.

చదునైన రోడ్డు మీద రేసు ముగిస్తే చివర్లో అందరూ కలిసే వస్తారు. ఆఖరి రెండు మూడు వందల మీటర్లలో స్ప్రింటర్లు ప్రాణం పెట్టి తొక్కుతారు. దాన్ని బంచ్ స్ప్రింట్ అంటారు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. ఎక్కువ భయం కూడా అక్కడే.

కటోవిట్సేలో ఏం జరిగింది?

ఇప్పుడు ఆ క్లిప్ దగ్గరికి వద్దాం. 2020 ఆగస్టు 5. పోలండ్‌లో టూర్ డి పొలోన్ అనే రేసు, మొదటి స్టేజ్. ఫినిష్ కటోవిట్సే నగరంలో. చివర్లో ఇద్దరు మిగిలారు, ఇద్దరూ నెదర్లాండ్స్ వాళ్ళే. ఒకరు ఫాబియో యాకొబ్సన్, వయసు 23. ఇంకొకరు డైలన్ గ్రూనెవేగెన్, వయసు 27.

గ్రూనెవేగెన్ ముందున్నాడు. యాకొబ్సన్ పక్క నుంచి దాటబోతుంటే, గ్రూనెవేగెన్ తన లైన్ వదిలి అటు జరిగాడు. యాకొబ్సన్‌కి బారికేడ్ వైపు చోటు లేకుండా పోయింది. లోపలికి కొట్టుకుపోయాడు. ఫినిష్ దగ్గర పని చేస్తున్న ఒక అఫీషియల్‌కి కూడా తీవ్రంగా దెబ్బలు తగిలాయి.

యాకొబ్సన్ ముఖం నుజ్జునుజ్జయింది. పళ్ళు చాలావరకు పోయాయి. రక్తంతో ఊపిరాడక పోతాడేమోనని అతని టీమ్‌మేట్ ఫ్లోరియన్ సెనెషాల్ అక్కడే కూర్చుని తల ఎత్తి పట్టుకున్నాడు. డాక్టర్లు యాకొబ్సన్‌ని మందులతో కోమాలో ఉంచి గంటల తరబడి ఆపరేషన్ చేశారు. ముఖానికి 130 కుట్లు పడ్డాయి.

గ్రూనెవేగెన్‌ని ఆ రేసు నుంచి తీసేసి, గెలుపు యాకొబ్సన్‌కి ఇచ్చారు. సైక్లింగ్‌ని ప్రపంచవ్యాప్తంగా నడిపే సంస్థ యూసీఐ అదే రోజు గ్రూనెవేగెన్ ప్రవర్తనని గట్టిగా ఖండించింది. యాకొబ్సన్ టీమ్ బాస్ అయితే ఇది నేరమని, కోర్టుకి వెళ్తానని బహిరంగంగానే పోస్ట్ పెట్టాడు. చివరికి తొమ్మిది నెలల బ్యాన్ పడింది.

ఇంతవరకు న్యాయమే కదా అనిపిస్తుంది. లైన్ వదలడం తప్పే, రూల్ ప్రకారమే తప్పు. గ్రూనెవేగెన్ కూడా ఒప్పుకున్నాడు. అందులో నాకు ఇప్పటికీ రెండో మాట లేదు.

కానీ ఆ క్లిప్‌లో నేను మూడుసార్లు చూసినా కనిపించనివి రెండున్నాయి.

ఒకటి, ఆ రోడ్డు. కటోవిట్సే ఫినిష్ పల్లంలో ఉంది. అంటే స్ప్రింట్ మొత్తం దిగుడు మీద. మామూలు స్ప్రింట్‌లో అరవై, డెబ్బై దాకా వెళ్తారు. అక్కడ ఎనభై దాటింది. "ఇరవై కిలోమీటర్లే కదా తేడా" అనుకోవద్దు. ఢీకొన్నప్పుడు దెబ్బ వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. టెన్త్ క్లాస్ ఫిజిక్స్ గుర్తుందా? అరవై నుంచి ఎనభైకి వెళ్తే శక్తి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. హెల్మెట్ తప్ప ఒంటి మీద పల్చటి బట్టలే ఉన్న మనిషికి అది చావుకీ బతుక్కీ ఉన్న తేడా. ఈ ఫినిష్ ప్రమాదకరమని రైడర్లు అంతకుముందు నుంచే అంటున్నారు. అయినా ఏటా అక్కడే పెట్టారు, ఎందుకంటే టీవీలో బాగుంటుంది. వేగం ఎక్కువ కదా!

రెండు, ఆ బారికేడ్లు. బారికేడ్ పని ఏంటి? పడ్డ మనిషిని రోడ్డు మీదే ఉంచడం, జారుకుంటూ ఆగేలా చేయడం. అక్కడివి తగలగానే విడిపోయి ముక్కలు ముక్కలుగా ఎగిరిపోయాయి. మనిషి వాటి గుండా అవతలికి వెళ్ళిపోయాడు. మామూలు బారికేడ్లతో ఇంకో సమస్య కూడా ఉంది. వాటి కాళ్ళు రోడ్డు మీదికి పొడుచుకొస్తాయి, పెడల్ తగులుకుంటే పని అయిపోయినట్టే.

అంటే ఇక్కడ ప్రశ్నలు రెండు. క్రాష్ ఎందుకయింది? దానికి జవాబు గ్రూనెవేగెన్. అంత ఘోరంగా ఎందుకయింది? దానికి జవాబు రోడ్డు, బారికేడ్. మొదటి జవాబుకి తొమ్మిది నెలల శిక్ష పడింది. రెండో జవాబు గురించి నాలాంటివాళ్ళు ఒక్క కామెంట్ కూడా పెట్టలేదు. బారికేడ్‌ని తిడితే లైకులు రావు కదా మరి.

కామెంట్ల వల్ల ఏమయింది?

గ్రూనెవేగెన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తనకీ తన కుటుంబానికీ చంపేస్తామని బెదిరింపులు వచ్చాయట. కొన్నాళ్ళు ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. అప్పుడు అతని భార్య గర్భవతి.

ఇది చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది. నేను బెదిరించలేదు, నిజమే. కానీ నా కామెంట్ కూడా ఆ గుంపులోదే కదా. వంద మంది "జైల్లో వేయాలి" అంటుంటే, ఆ మందలో ఒకడు ఇంకో అడుగు ముందుకేస్తాడు. సైకిల్ గుంపులో ఎలాగైతే ముందువాడు గాలి చీలిస్తే వెనకవాడికి తేలికవుతుందో, కామెంట్లలోనూ అంతే. నేను ముందు తొక్కాను, వెనక ఎవడొస్తున్నాడో చూసుకోలేదు.

"తాతయ్యా అమ్మమ్మా" బోర్డు

ఇంకో సంగతి చెప్తాను. ఇది మీలో చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు. 2021 జూన్ 26, టూర్ డి ఫ్రాన్స్ మొదటి రోజు, బ్రిటనీ ప్రాంతం. రోడ్డు పక్కన ఒకావిడ అట్ట బోర్డు పట్టుకుని టీవీ కెమెరా వైపు చూస్తోంది. వాళ్ళ తాతయ్యకీ అమ్మమ్మకీ హాయ్ చెప్పే బోర్డు అది. పెలోటాన్‌కి వీపు పెట్టి నిలబడింది. జర్మన్ రైడర్ టోనీ మార్టిన్ ఆ బోర్డుకి తగిలి పడ్డాడు, అతని వెనక గుట్టలు గుట్టలుగా జనం.

ప్రపంచమంతా మీమ్స్. ఆవిడ భయపడి అక్కణ్ణించి వెళ్ళిపోయింది. కొన్ని రోజుల తర్వాత పోలీసుల ముందుకి వచ్చింది. కోర్టు 1,200 యూరోల జరిమానా వేసింది. అప్పటి లెక్కలో మన డబ్బుల్లో లక్ష రూపాయల పైమాటే. కేసు పెడతామన్న టూర్ నిర్వాహకులు మాత్రం ముందే వెనక్కి తగ్గారు, ఇక గొడవ చల్లారాలని.

ఆవిడ చేసింది తప్పే. కానీ ఆ రోజే, ఫినిష్ ఇంకా పది కిలోమీటర్లు కూడా లేదనగా, ఇంకో పెద్ద క్రాష్ అయింది. అందులో బోర్డు లేదు, ప్రేక్షకులు లేరు. వేగం, ఇరుకు, ముందుకెళ్ళాలన్న తొందర, అంతే. దాన్లోనూ రైడర్లు తీవ్రంగా గాయపడి రేసు వదిలేశారు. ఆ క్రాష్ మీకు గుర్తుందా? నాకూ లేదు. ఎందుకంటే దాన్లో తిట్టడానికి మనిషి దొరకలేదు.

రెండు రోజుల తర్వాత మూడో స్టేజ్‌లో మళ్ళీ వరుసగా క్రాష్‌లు. నాలుగో స్టేజ్ రోజు రైడర్లు ఏం చేశారో తెలుసా? రేసు మొదలవగానే రోడ్డు మధ్యలో సైకిళ్ళు ఆపేశారు. దాదాపు ఒక నిమిషం అలాగే నిలబడి, తర్వాత కొన్ని కిలోమీటర్లు కావాలనే మెల్లగా తొక్కారు. అది వాళ్ళ నిరసన. బోర్డు ఆవిడ మీద కాదు, ఒక రూల్ మీద.

ఆ రూల్ ఏంటంటే, చదునైన స్టేజ్‌లో చివరి మూడు కిలోమీటర్ల లోపల ఎవరైనా పడితే, అప్పటిదాకా తను ఏ గుంపులో ఉన్నాడో ఆ గుంపు టైమే అతనికీ ఇస్తారు. నష్టం ఉండదు. కానీ మూడు కిలోమీటర్ల పాయింట్ దాకా మాత్రం రక్షణ లేదు. దాంతో స్ప్రింటర్లతో పాటు మొత్తం టూర్ గెలవాలనుకునే కొండ రైడర్లు కూడా సెకన్లు పోతాయన్న భయంతో ముందుకి తోసుకొస్తారు. ఇరుకు రోడ్డు మీద అందరికీ ముందు వరసే కావాలి. చోటు పది మందికే ఉంటుంది. ఇంక పడక ఏం చేస్తారు?

ఆ పాయింట్‌ని ఫినిష్ నుంచి ఇంకొంచెం దూరం జరపమని రైడర్లు ముందే అడిగారు, ఒప్పుకోలేదు. మూడేళ్ళ తర్వాత, 2024లో, అవసరమైన స్టేజ్‌లలో దాన్ని ఐదు కిలోమీటర్ల దాకా పెంచడం మొదలుపెట్టారు. రెండు కిలోమీటర్లు జరపడానికి మూడేళ్ళు! ఆ మూడేళ్ళూ మనం బోర్డు మీమ్స్ షేర్ చేసుకుంటూ కూర్చున్నాం.

"ఇంత భయమైతే ఇంట్లో కూర్చోవచ్చుగా"

కామెంట్లలో ఇంకో వర్గం ఉంటుంది. "సైక్లింగ్ అంటేనే రిస్క్. రోడ్డు బాలేదు, వాన పడింది అని ఏడ్చేవాళ్ళు వేరే ఆట ఆడుకోవాలి" అని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రైడ్ చేయలేక రోడ్డు మీద వంక పెడుతున్నారని వీళ్ళ వాదన. సమస్యేంటంటే, కటోవిట్సేలో మద్దెల నిజంగానే ఓడు.

ఈ వాదన కొత్తదేం కాదు. హెల్మెట్ కథ వినండి. ఇవాళ హెల్మెట్ లేని రైడర్‌ని ఊహించగలమా? కానీ 1991లో యూసీఐ హెల్మెట్ తప్పనిసరి చేయబోతే, పారిస్–నీస్ రేసులో రైడర్లే సమ్మె చేశారు. ఎండ, బరువు, మా ఇష్టం మాది అన్నారు. రూల్ వెనక్కి పోయింది.

1995 జూలై 18న టూర్ డి ఫ్రాన్స్‌లో ఇటలీ రైడర్ ఫాబియో కాసర్టెల్లి పోర్టె దాస్పే కొండ దిగుతూ పడి చనిపోయాడు. మూడేళ్ళ ముందే ఒలింపిక్స్ గోల్డ్ గెలిచిన కుర్రాడు. తలకి హెల్మెట్ లేదు. అప్పుడూ రూల్ రాలేదు. 2003 మార్చిలో, మళ్ళీ అదే పారిస్–నీస్‌లో, కజకిస్తాన్ రైడర్ ఆండ్రే కివిలెవ్ పడి తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. అతనికీ హెల్మెట్ లేదు. ఆ మేలో రూల్ వచ్చింది. అప్పుడు కూడా చివరి కొండ ఎక్కేటప్పుడు తీసేయొచ్చని కొన్నాళ్ళు సడలింపు ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటామే, ఈ ఆటలో సేఫ్టీ చరిత్ర చాలావరకు అదే. మరి హెల్మెట్ వచ్చాక రేసులు బోర్ కొట్టాయా? ఎవరైనా చూడటం మానేశారా? లేదు కదా. 2021లో టాప్ ట్యూబ్ మీద కూర్చుని ముడుచుకుని కొండ దిగడాన్ని, అదే సూపర్‌టక్‌ని, బ్యాన్ చేశారు. అప్పుడు కూడా "ఆట చచ్చిపోయింది" అన్నారు. ఆట బతికే ఉంది.

రైడర్ల తప్పు లేదా మరి?

ఉంది. ఇది కూడా చెప్పకపోతే మళ్ళీ సగం నిజమే అవుతుంది.

2023 జూన్ 15న స్విట్జర్లాండ్ టూర్‌లో ఆల్బులా కనుమ దిగుతూ 26 ఏళ్ళ స్విస్ రైడర్ జీనో మేడర్ లోయలో పడిపోయాడు. మర్నాడు చనిపోయాడు. ఆ స్టేజ్ అంత పెద్ద దిగుడు అయిపోగానే ముగిసేలా పెట్టారు. బెల్జియం స్టార్ రెమ్కో ఎవెనెపూల్ ఆ రోజే రెండు మాటలన్నాడు. అలాంటి దిగుడు తర్వాత ఫినిష్ పెట్టడం మంచి నిర్ణయం కాదన్నాడు. రైడర్లుగా మనం కూడా ఎంత రిస్క్ తీసుకుంటున్నామో ఆలోచించుకోవాలి అని కూడా అన్నాడు. నేను చూసినవాటిలో ఇంత నిజాయితీగా మాట్లాడింది తక్కువ. ఒక చెయ్యి నిర్వాహకుల వైపు, ఒక చెయ్యి తన వైపు.

రైడర్ల కోసం ఇప్పుడు ఎల్లో కార్డులు కూడా వచ్చాయి, ఫుట్‌బాల్‌లో లాగా. 2024లో ట్రయల్ వేసి 2025 నుంచి అమలు చేస్తున్నారు. ఒకే రేసులో రెండు కార్డులు పడితే రేసు నుంచి అవుట్, పైగా వారం సస్పెన్షన్. స్ప్రింట్‌లో లైన్ వదిలినా కార్డే. టీమ్‌మేట్ గెలిచాడని గుంపు మధ్యలో వేగం తగ్గించి చేతులెత్తినా కార్డే. రైడర్లకే కాదు, టీమ్ కార్ల వాళ్ళకీ మోటార్‌సైకిల్ వాళ్ళకీ కూడా ఇవ్వొచ్చు. నాకు ఇది నచ్చింది. శిక్ష చిన్నది, కానీ వెంటనే పడుతుంది. ఎవడైనా ఆస్పత్రి పాలయ్యేదాకా ఆగదు.

బారికేడ్లు కూడా మారుతున్నాయి. బెల్జియంలో కొన్ని పెద్ద రేసుల్లో కాళ్ళు బయటికి రాని, వెనక్కి వాలుగా ఉండే బారికేడ్లు వాడుతున్నారు. తగిలినవాడు వాటిని ఆనుకుని జారతాడు, లోపలికి దూసుకుపోడు. అన్ని చోట్లా ఇంకా లేవు. ఖర్చు కదా, చిన్న రేసులకి కష్టం. అసలు డిబేట్ జరగాల్సింది ఇక్కడ: ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

బిర్యానీ ఎక్కడుందో తెలుసు, అమ్మాయి ఎక్కడుందో తెలియలేదు

ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. 2024 సెప్టెంబరు 26, జూరిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. జూనియర్ అమ్మాయిల రేసు. వాన పడుతోంది. స్విట్జర్లాండ్‌కే చెందిన మ్యూరియెల్ ఫ్యూరర్, 18 ఏళ్ళు, సొంత దేశంలో రేసు. అడవి మధ్య దిగుడులో పడిపోయింది. అక్కడ కెమెరా లేదు. చాంపియన్‌షిప్‌లో రైడర్లకి రేడియోలు ఉండవు. తను రోడ్డు పక్కన పడి ఉందని చాలాసేపటి దాకా ఎవరికీ తెలియలేదు. మర్నాడు ఆస్పత్రిలో చనిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. మనం ఆర్డర్ చేసిన బిర్యానీ ఏ సందులో మలుపు తిరుగుతోందో మన ఫోన్‌లో తెలుస్తుంది. డెలివరీ అన్న సిగ్నల్ దగ్గర ఆగితే అదీ తెలుస్తుంది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక అమ్మాయి ఆగిపోతే తెలియలేదు. ముందే తెలిసుంటే బతికేదా? ఆ మాట నేను అనలేను. కానీ వెతకడం ముందే మొదలయ్యేది.

ఈ వార్త మీద కామెంట్లు తక్కువ. క్లిప్ లేదు. తిట్టడానికి ఎదురుగా ఇంకో రైడర్ లేడు. అందుకే మనం స్క్రోల్ చేసేశాం.

తర్వాత ఏమైందో చూడండి. 2025 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోనే టూర్ డి రొమాండీ మహిళల రేసు. యూసీఐ ఒక టెస్ట్ పెట్టింది: ప్రతి టీమ్ నుంచి ఒక రైడర్ సైకిల్‌కి జీపీఎస్ ట్రాకర్. ఆ రైడర్ ఎవరో టీమే చెప్పాలి. ఐదు టీములు చెప్పలేదు. ట్రాకర్ వద్దని కాదు, ఎవరికి పెట్టాలో మీరే ఎంచుకుని మీరే బిగించండి, బాధ్యత మీది అన్నారు. డేటా ఎవరిది, డబ్బు ఎవరిది అనే గొడవ కూడా వెనక ఉంది. యూసీఐ ఆ ఐదు టీములనీ స్టార్ట్ లైన్ దగ్గరే తీసేసింది. అమ్మాయిలు రెడీ అయి వచ్చి, రేస్ చేయకుండానే వెళ్ళిపోయారు. అందరూ సేఫ్టీ కావాలనే అంటున్నారు, కానీ దాని కోసం పెట్టిన ట్రాకర్ దగ్గరే గొడవ పడ్డారు. తర్వాత నెలలో కిగాలీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అయితే రైడర్లందరికీ ట్రాకర్లు పెట్టారు. పెట్టగలరన్నమాట. ముందు నుంచీ పెట్టగలిగేవారే.

మరి మనం ఏం చేయాలి?

మనం ఎక్కడో ఫోన్‌లో చూసేవాళ్ళం. మనవల్ల ఏమవుతుంది అనుకోవచ్చు. రెండు విషయాలు చెప్పి ముగిస్తాను.

మొదటిది రోడ్డు పక్కన నిలబడేవాళ్ళకి. మనవాళ్ళు యూరప్‌లో బోలెడుమంది చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. టూర్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఉంటారు. వెళ్ళండి, టికెట్ కూడా ఉండదు, ఫ్రీ. కానీ ఫోన్ పట్టుకున్న చెయ్యి రోడ్డు మీదికి చాపొద్దు. స్క్రీన్‌లో రైడర్ దూరంగా కనిపిస్తాడు, నిజానికి పక్కనే ఉంటాడు. రేసుకి వీపు పెట్టి సెల్ఫీ అసలే వద్దు. ఇది ఫోన్ల కాలంలో వచ్చిన జబ్బు కూడా కాదు. 1994 టూర్‌లో ఆర్మాంటియేర్ ఫినిష్ దగ్గర, కాపలాగా నిలబెట్టిన పోలీసే ఫొటో తీద్దామని కొంచెం ముందుకి వంగాడు. స్ప్రింట్‌లో వస్తున్న నెలిసెన్ అతన్ని గుద్దేశాడు. జలబేర్ ముఖం పగిలింది. ఒక్క ఫొటో కోసం!

రెండోది మనందరికీ. ఈసారి క్రాష్ క్లిప్ వస్తే, కామెంట్ పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు పడేశారు అన్నది సరే. ఆ రోడ్డు అక్కడ ఎందుకు ఉంది? బారికేడ్ దాని పని చేసిందా? పడినవాళ్ళ దగ్గరికి సాయం ఎంతసేపటికి వచ్చింది? ఈ మూడింటికీ జవాబు అడిగే ఫ్యాన్స్ పెరిగితే నిర్వాహకులు వినక తప్పదు. వాళ్ళకి వచ్చే డబ్బు మన చూపుల మీదే కదా ఆధారపడింది. ఒక రైడర్‌ని తిట్టడం వాళ్ళకీ సుఖమే, బారికేడ్ గురించి ఎవరూ అడగరు.

ఇంతకీ ఆ ఇద్దరూ ఏమయ్యారని అడుగుతారేమో. యాకొబ్సన్ ఎనిమిది నెలలకే మళ్ళీ రేసులోకి వచ్చాడు. 2021 వుయెల్టా, అంటే స్పెయిన్ టూర్‌లో, మూడు స్టేజ్‌లూ గ్రీన్ జెర్సీ గెలిచాడు. 2022లో టూర్ డి ఫ్రాన్స్ డెన్మార్క్‌లో మొదలైంది. జూలై 2న రెండో స్టేజ్ యాకొబ్సన్ గెలిచాడు. జూలై 3న మూడో స్టేజ్ ఎవరు గెలిచారో తెలుసా? గ్రూనెవేగెన్.

ఆ రాత్రి తొమ్మిదింటికి నేను ఫోన్‌లో లైవ్ చూస్తున్నాను. గ్రూనెవేగెన్ గెలిచాక కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. నా పాత కామెంట్ ప్రకారమైతే అతను ఆ రోజు జైల్లో ఉండాలి. వెళ్ళి ఆ కామెంట్ వెతికాను. డిలీట్ చేద్దామనుకున్నాను. తర్వాత వద్దనిపించి, దాని కిందే ఇంకోటి రాశాను: "ఈ కామెంట్ నాదే. సగమే చూసి రాశాను. బారికేడ్ సంగతి అడగడం మర్చిపోయాను." దానికి ఇప్పటిదాకా నాలుగు లైకులు వచ్చాయి.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీరు చూసిన క్రాష్‌లలో మనిషిది కాకుండా రోడ్డుదో, బారికేడ్‌దో, రూల్‌దో తప్పనిపించినవి ఉంటే చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. రైడ్‌కి వెళ్ళేవాళ్ళు హెల్మెట్ పెట్టుకోండి. ఉంటాను.